ముక్కు పైపుతో ఇంట్లో ఆహారం: ఏం కలపాలి, ఎలా పోయాలి, సరిపోతోందో లేదో ఎలా చూసుకోవాలి

“మా అత్తగారికి ముక్కులో పైపు వేసి ఇంటికి పంపారండీ. ఏం పోయాలి? ఎంత పోయాలి?” నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ పేషెంట్ల ఇళ్లవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. డిశ్చార్జి రోజు సిస్టర్ ఒకసారి చేసి చూపిస్తారు. బిల్లులు, మందులు, బండి మాట్లాడుకోవడం, ఆ హడావిడిలో సగం బుర్రకెక్కదు. ఇంటికొచ్చాక సిరంజి చేతిలో పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. అందుకే మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తున్నాను.

మన దగ్గర ఈ పైపు అవసరం పడేవాళ్లు తక్కువేం కాదు. గుట్కా, ఖైనీ, చుట్ట, శ్రీకాకుళం-విశాఖ తీరంలో ఆడవాళ్లు కాల్చే అడ్డపొగ (నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట), వీటివల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువ. వాటికి ‘కరెంటు పెట్టడం’, అంటే రేడియేషన్, వారానికి 5 రోజుల చొప్పున 6-7 వారాలు సాగుతుంది. చాలామందికి వారానికోసారి కీమో కూడా తోడవుతుంది. రెండో మూడో వారానికి నోరంతా పూస్తుంది. మంచినీళ్లు మింగినా మంటే. కోర్సు అయిపోయాక కూడా ఆ బాధ కొన్ని వారాలు ఉంటుంది. అన్నాళ్లూ మనిషి నిలబడాలంటే తిండి వేరే దారిలో వెళ్లాలి. పైపు వేశారంటే పరిస్థితి చెయ్యి దాటిపోయిందని కాదు. ట్రీట్‌మెంటు పూర్తయ్యేదాకా మనిషిని నిలబెట్టడానికే వేశారు.

బరువు గురించి ఒక్క మాట చెప్పి పనిలోకి వెళ్తాను. రేడియేషన్ ఇచ్చేటప్పుడు ముఖానికి అచ్చు పోసిన మాస్క్ బిగిస్తారు. దాన్ని బట్టే కిరణాలు ఎక్కడ పడాలో లెక్క కడతారు. మనిషి చిక్కిపోతే మాస్క్ వదులవుతుంది, లెక్క మళ్లీ చేయాల్సి వస్తుంది, మధ్యలో రోజులు పోతాయి. తిండి కూడా ట్రీట్‌మెంటులో భాగమే అని డాక్టర్లు అనేది ఇందుకే.

ముందు ఇది చదవండి

కింది కొలతలు పొట్టలోకి వేసిన ముక్కు పైపుకి, అంటే రైల్స్ ట్యూబుకి. పొట్ట మీద చిల్లు పెట్టి నేరుగా లోపలికి వేసే పైపుకీ ఆహారం ఇదే, పోసే తీరు కూడా దాదాపు ఇంతే. కానీ పైపు కొన పేగులో ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. పేగులోకి ఒకేసారి గ్లాసెడు పోయకూడదు, చుక్కలు చుక్కలుగా వెళ్లాలి. మీ వాళ్లకి కొన ఎక్కడుందో డిశ్చార్జి కాగితంలో చూడండి, అర్థం కాకపోతే అడగండి.

షుగరు, కిడ్నీ జబ్బు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకి కొలతలు మారతాయి. డైటీషియన్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకండి.

ఇంకొకటి, చాలా ముఖ్యం. వారం పది రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి పైపు పడగానే “పాపం, ఆకలితో ఉన్నాడు” అని మొదటిరోజే నిండుగా పోసేస్తారు. అది ప్రాణం మీదికి రావచ్చు. ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా ఆహారం వెళ్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. అలాంటివాళ్లకి ఆసుపత్రిలోనే, రక్తపరీక్షలు చూసుకుంటూ, కొద్దికొద్దిగా పెంచాలి.

ఎంత కావాలి

కిలో బరువుకి రోజుకి సుమారు 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. 50 కిలోల మనిషికి 1500 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ అన్నమాట.

ఇప్పుడు మన ఇళ్లలో పైపులో పోస్తున్నవి చూడండి: గంజి తేట, బార్లీ నీళ్లు, కొబ్బరినీళ్లు, పల్చటి మజ్జిగ, టీ, బత్తాయి రసం. గ్లాసు కొబ్బరినీళ్లలో 50 కేలరీలు కూడా ఉండవు. రోజుకి 8 గ్లాసులు పోసినా 400 దాటదు. ప్రోటీన్ దాదాపు సున్నా. పొట్ట నిండుగా ఉంటుంది, మూత్రం బాగానే వస్తుంది, ఇంట్లోవాళ్లకి “గంట గంటకీ పోస్తూనే ఉన్నాం” అనే తృప్తి ఉంటుంది. మనిషి మాత్రం కళ్లముందే కరిగిపోతాడు. పైపు సన్నం కాబట్టి పల్చగానే ఉండాలి, నిజమే. కానీ పల్చగా ఉన్నా బలం తగ్గకుండా కలిపే పద్ధతి ఉంది. ఈ వ్యాసంలో అసలు విషయం అదే.

కావలసినవి

- 50 మి.లీ. ఫీడింగ్ సిరంజిలు రెండు. మూతి లావుగా, పైపులో సరిగ్గా కూర్చునేవి. సూది పెట్టే రకం కాదు
- మిక్సీ, సన్నటి స్టీలు జాలి (టీ వడకట్టేది చాలు, రంధ్రాలు పెద్దవైతే రెండుసార్లు వడకట్టండి)
- పాలు, స్కిమ్డ్ మిల్క్ పౌడర్, పంచదార, సన్‌ఫ్లవర్ లేదా వేరుశెనగ నూనె
- బియ్యం, పెసరపప్పు, గుడ్లు, క్యారెట్ లేదా సొరకాయ
- మొలకెత్తించి ఎండబెట్టి ఆడించిన రాగిపిండి
- కాచి చల్లార్చిన నీళ్లు
- కాగితం ప్లాస్టరు, పర్మనెంట్ మార్కర్, టార్చి
- పీహెచ్ కాగితం (ద్రవంలో ఆమ్లం ఎంతుందో రంగుతో చూపించేది), దొరికితే (పెద్ద మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో అడగండి)
- ఒక నోటుపుస్తకం, బరువు చూసే మిషను

మీ ఇంట్లో గ్లాసు ఎంత పడుతుందో ముందు సిరంజితో నీళ్లు కొలిచి చూసుకోండి. ఒకరి ఇంట్లో గ్లాసంటే 150, ఇంకొకరి ఇంట్లో 300. 200 దగ్గర, 250 దగ్గర గ్లాసు మీద మార్కరుతో గీత పెట్టేయండి.

మిల్క్ పౌడర్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద స్కిమ్డ్ మిల్క్ పౌడర్ అని ఉండాలి. టీలోకి వాడే డైరీ వైట్‌నర్‌లో చక్కెర కలిసి ఉంటుంది, ప్రోటీన్ తక్కువ. పసిపిల్లల డబ్బా పాలు కూడా దీనికి బదులు కావు.

ఆహారం తయారీ

*పాల ఫీడ్ (ఒకసారికి).* 200 మి.లీ. టోన్డ్ పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక 2 పెద్ద చెంచాల మిల్క్ పౌడర్, 2 చిన్న చెంచాల పంచదార, ఒక చిన్న చెంచా నూనె వేసి మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. వడకట్టండి. సుమారు 250 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీన్. పౌడర్ వేడివేడి పాలలో వేస్తే ఉండ కడుతుంది. ముందు చల్లటి పాలు కొంచెం పక్కకి తీసి అందులో పేస్టులా కలుపుకోవచ్చు.

*గుడ్డు కిచిడీ ఫీడ్ (రెండుసార్లకి).* 3 పెద్ద చెంచాల బియ్యం, 3 పెద్ద చెంచాల పెసరపప్పు (ఒక్కోటీ సుమారు 40 గ్రాములు), తొక్క తీసిన చిన్న క్యారెట్ ముక్కలు, చిటికెడు ఉప్పు. ఎక్కువ నీళ్లు పోసి కుక్కరులో మామూలుకంటే రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. ఉడికించిన గుడ్లు రెండు, నూనె 4 చిన్న చెంచాలు కలిపి మెత్తగా తిప్పండి. కాచిన నీళ్లతో మొత్తం 600 మి.లీ. చేసి వడకట్టండి. 300 మి.లీ. చొప్పున ఒక్కోసారికి సుమారు 310 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. తాలింపు, కారం, మిరియాలు వద్దు. కొత్తిమీర, ఆకుకూర పీచు పైపుకి అడ్డం పడుతుంది.

*రాగి పాలజావ (ఒకసారికి).* 25 గ్రాముల మొలకల రాగిపిండి (సుమారు 3 పెద్ద చెంచాలు) 100 మి.లీ. నీళ్లలో కలిపి సన్నటి సెగ మీద ఉడికించండి. 150 మి.లీ. పాలు, 2 చిన్న చెంచాల పంచదార, ఒక పెద్ద చెంచా మిల్క్ పౌడర్, ఒక చిన్న చెంచా నూనె కలిపి వడకట్టండి. సుమారు 280 కేలరీలు, 9 గ్రాముల ప్రోటీన్.

రోజుకి పాల ఫీడ్ 3, కిచిడీ 2, రాగిజావ 1. కలిపితే 1650 కేలరీలు, 66 గ్రాముల ప్రోటీన్. 50-55 కిలోల మనిషికి ఇది సరిపోతుంది. ఇంకా బరువున్నవాళ్లకి పాల ఫీడ్ ఒకటి పెంచండి.

ఇందులో మొలకల రాగిపిండి ఎందుకంటే: గింజ మొలకెత్తేటప్పుడు పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పుడుతుంది. అందుకే మామూలు పిండితో గరిటె జారని జావ, మొలకల పిండితో పల్చగా వస్తుంది. కిచిడీ ఫీడ్ చిక్కగా ఉండి పైపులో దిగకపోతే నీళ్లు పోసి పలచన చేయకండి, బలం తగ్గిపోతుంది. దించిన కిచిడీ కాసేపు ఆరాక, వేలు పెడితే చురుక్కుమనే వేడి ఉన్నప్పుడు, ఒక చిన్న చెంచా మొలకల రాగిపిండి వేసి కలిపి పది నిమిషాలు మూత పెట్టండి. దానంతటదే జారుడవుతుంది. తర్వాత తప్పకుండా ఒక పొంగు రానిచ్చి దించండి, ఎందుకంటే పచ్చి పిండిలో సూక్ష్మజీవులు ఉంటాయి, కీమోలో ఉన్నవాళ్లు వాటిని తట్టుకోలేరు. మరుగుతున్న కిచిడీలో పిండి వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, పని చేయదు. పిండి ఇంట్లోనే చేసుకోవచ్చు: రాగులు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో కట్టి, మొలక రాగానే ఎండబెట్టి, సన్నసెగ మీద కొంచెం వేయించి ఆడించండి. మాడేలా వేయించితే మామూలు పిండికీ దానికీ తేడా ఉండదు.

గుడ్డు తినని ఇళ్లలో ఒక్కో గుడ్డుకి బదులు 2 పెద్ద చెంచాల మిల్క్ పౌడర్ వేయండి. పాలు పడనివాళ్లకి కిచిడీ ఫీడ్లు పెంచండి. షుగరు ఉన్నవాళ్లకి పంచదార తీసేసి మరో చెంచా నూనె వేయవచ్చు, డాక్టరుకి చెప్పి. నెయ్యి బలమే, కాదనను. కానీ చల్లబడితే పైపు గోడలకి గడ్డకడుతుంది, అందుకే నూనె అన్నాను. చికెన్, చేపలు ఎంత తిప్పినా నార మిగిలి పైపు మూసుకుపోతుంది, గుడ్డుతో సరిపెట్టుకోండి.

డబ్బా పౌడర్లు కూడా వాడుకోవచ్చు. ఇబ్బందల్లా కలిపే దగ్గరే. ఖరీదెక్కువని డబ్బా నెల రావాలని, 5 స్కూపులు వేయాల్సినచోట 2 వేస్తారు. అప్పుడది రంగు నీళ్లే. లేబుల్ మీద ఉన్న కొలత వేయగలిగితేనే కొనండి. లేకపోతే ఆ డబ్బు పాలకి, గుడ్లకి పెట్టండి, అంతకంటే ఎక్కువే వస్తుంది.

పోసే పద్ధతి

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. పేషెంటుని కూర్చోబెట్టండి. కూర్చోలేకపోతే తల, వీపు దిండ్లతో కనీసం 45 డిగ్రీలు పైకి లేపండి. తల కింద ఒక్క దిండు పెడితే మెడ వంగుతుంది తప్ప ఒళ్లు లేవదు. నడుము నుంచి లేవాలి. వెల్లకిలా పడుకోబెట్టి ఎప్పుడూ పోయకూడదు.

2. పైపు జాగా చూడండి. వేసిన రోజే ముక్కు రంధ్రం దగ్గర పైపు మీద మార్కరుతో గీత పెట్టించుకోండి. ఆ గీత అక్కడే ఉందా? ప్లాస్టరు ఊడలేదు కదా? నోరు తెరిపించి టార్చి వేయండి, పైపు గొంతులో చుట్టుకుపోయి కనిపించకూడదు. పీహెచ్ కాగితం ఉంటే సిరంజితో కొంచెం ద్రవం లాగి చుక్క వేయండి. 5.5 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే పొట్టలో ఉన్నట్టే. గ్యాస్ మాత్రలు వాడుతుంటే అంకె పెరగవచ్చు. అప్పుడు గీత ఒక్కటే నమ్మి పోయకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి.

   పైపు కొన నీళ్ల గిన్నెలో పెట్టి బుడగలు చూడటం, గాలి ఊది పొట్ట మీద చప్పుడు వినడం ఇంకా చాలామంది చేస్తున్నారు. రెండూ నమ్మదగ్గవి కావు. పైపు ఊపిరితిత్తుల్లో ఉన్నా చప్పుడు వినిపించవచ్చు. అనుమానం మిగిలితే ఆ పూట పోయకండి. ఒక పూట ఆలస్యమైతే ఏం కాదు. ఊపిరితిత్తుల్లోకి పాలు వెళ్తే న్యుమోనియా.

3. పొట్ట ఉబ్బరంగా, గట్టిగా ఉందా, వికారంగా ఉందా అడగండి. ఉంటే గంట ఆగండి. ప్రతిసారీ ముందు పొట్టలో మిగిలినది సిరంజితో లాగి చూడమని మీ ఆసుపత్రి చెప్పి ఉంటే అలాగే చేయండి.

4. పైపుని మడిచి వేళ్లతో నొక్కి పట్టుకుని మూత తీయండి. నొక్కకపోతే గాలి లోపలికి వెళ్లి పొట్ట ఉబ్బుతుంది. పిస్టన్ తీసేసిన సిరంజి గొట్టాన్ని బిగించండి.

5. ముందు 20-30 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. సాఫీగా దిగితే దారి బాగుంది.

6. ఆహారం ముంజేతి మీద చుక్క వేసుకుని చూడండి, ఒంటి వేడి ఉంటే చాలు. సిరంజిని తలకి జానెడు పైన పట్టుకుని ఆహారం పోస్తూ దానంతటదే దిగనివ్వండి. త్వరగా దిగుతుంటే చెయ్యి కిందికి, నెమ్మదిగా ఉంటే కొంచెం పైకి. సిరంజి పూర్తిగా ఖాళీ అయ్యేలోపే మళ్లీ పోయండి. 250 మి.లీ. దిగడానికి 15-20 నిమిషాలు పట్టాలి. పిస్టన్ పెట్టి నెట్టకండి. టైం లేదని నెడితే అదంతా వాంతిలో తిరిగొస్తుంది.

7. మధ్యలో దగ్గు, ఆయాసం, పెదాలు నీలంగా మారడం, గురగుర కనిపిస్తే వెంటనే పైపు మడిచి ఆపేయండి, కూర్చోబెట్టండి. తగ్గకపోతే ఆసుపత్రికి.

8. అయ్యాక 30-50 మి.లీ. నీళ్లు పోసి పైపు కడగండి. మడిచి, సిరంజి తీసి, మూత పెట్టండి. పైపు కొనని చొక్కాకి లేదా జాకెట్టుకి పిన్నుతో తగిలిస్తే నిద్రలో లాగేసుకోరు. పిన్ను పైపుకి గుచ్చకూడదు, పైపు చుట్టూ వేసిన ప్లాస్టరు తోకకి గుచ్చాలి.

9. ఇంకో 45 నిమిషాల నుంచి గంట అలాగే కూర్చోబెట్టండి. రేడియేషన్ టేబుల్ మీద వెల్లకిలా పడుకోవాలి కాబట్టి దానికి రెండు గంటల ముందే ఫీడ్ అయిపోవాలి.

10. సిరంజి, గిన్నె సబ్బుతో కడిగి, వేడినీళ్లు పోసి, బోర్లించి ఆరనివ్వండి.

వేళలు: ఉదయం 6, 8:30, 11, మధ్యాహ్నం 1:30, సాయంత్రం 4:30, రాత్రి 7:30. మధ్యలో దాహానికి, ఎండాకాలంలోనూ, సిస్‌ప్లాటిన్ అనే కీమో నడుస్తున్నప్పుడూ అదనంగా నీళ్లు పోయండి. ఆ మందు కిడ్నీల మీద పడుతుంది. ఎంత నీళ్లు పోయాలో డాక్టరుని అడిగి రాసుకోండి.

మందులు వేసేటప్పుడు

ఆహారంలో కలపకండి. ముందు నీళ్లు, తర్వాత ఒక్కొక్క మందూ విడివిడిగా, మధ్యలో 10 మి.లీ. నీళ్లు, చివర మళ్లీ నీళ్లు. మాత్ర పౌడరయ్యేదాకా నూరి నీళ్లలో కలపాలి. ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. అని పేరు చివర ఉన్నవి నూరకూడదు. రోజంతా నెమ్మదిగా విడుదలవ్వాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ ఆ రకమైతే అది నిజంగా ప్రమాదం. గ్యాస్‌కి ఇచ్చే పాంటాప్రజోల్ మాత్ర నూరితే పొట్టలో ఆమ్లానికి పాడైపోతుంది. ప్రిస్క్రిప్షన్ మొత్తం ఫార్మసిస్టుకి చూపించి “పైపులో వేయడానికి ఇందులో ఏవి పనికొస్తాయి, దేనికి సిరప్ ఉంది?” అని అడగండి.

పైపు మూసుకుపోతే

ఎక్కువగా జరిగేది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ చివర నీళ్లు పోయకపోవడమో, వడకట్టకపోవడమో, మాత్ర సరిగా నూరకపోవడమో. గోరువెచ్చటి నీళ్లు 20-30 మి.లీ. పెద్ద సిరంజితో నెమ్మదిగా లోపలికి, బయటికి ఆడించండి. పావుగంట అలా వదిలి మళ్లీ చేయండి. రెండు మూడుసార్లకి రాకపోతే ఆసుపత్రికే. చిన్న సిరంజితో బలంగా నెడితే పైపు చిట్లుతుంది. తీగ పెట్టి పొడవకండి. కూల్ డ్రింకు, నిమ్మరసం పోయమని ఎవరైనా చెబుతారు. పులుపుకి పైపులోని పాలు విరిగి ఇంకా గట్టిపడతాయి.

పైపు ఊడి బయటికొస్తే ఇంట్లో తిరిగి దోపడానికి ప్రయత్నించకండి, ఎంత చూసి నేర్చుకున్నా సరే. రేడియేషన్‌తో లోపలి పొర పుండులా ఉంటుంది.

ఇళ్లలో జరిగే తప్పులు

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు ఆపేయడం. “పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది” అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆపరేషను గాయం మానాలన్నా, నోటి పుండ్లు మానాలన్నా కావాల్సింది ఆ ప్రోటీనే. పప్పు వల్ల చీము పట్టదు. అత్తగారితో, పెద్దమ్మతో వాదించలేకపోతే తర్వాతి చెకప్‌కి వాళ్లనే వెంట తీసుకెళ్లి డాక్టరు నోటితో చెప్పించండి. అది పనిచేస్తుంది.

“చక్కెర క్యాన్సర్‌ని పెంచుతుందట” అని పంచదార, బియ్యం, పాలు అన్నీ మానేయడం. తిండి ఆపితే కణితి ఎండిపోదు, మనిషి కండ కరుగుతుంది. షుగరు జబ్బు లేనివాళ్లకి ఈ సమయంలో రెండు చెంచాల పంచదార తీయాల్సిన పనిలేదు.

పచ్చి గుడ్డు పాలలో కొట్టి పోయడం. కీమోలో తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, పచ్చి గుడ్డుతో వచ్చే ఇన్ఫెక్షన్ తట్టుకోలేరు. గుడ్డు పూర్తిగా ఉడకాలి.

బొప్పాయి ఆకు రసం, గోధుమగడ్డి రసం, ఎవరో పంపిన భస్మాలు. పైపు ఉంది కదా, రుచి తెలియదు కదా అని దేన్నైనా పోసేస్తున్నారు. కాచని ఆకురసాల్లో సూక్ష్మజీవులు ఉంటాయి, కొన్ని మందులు కీమోతో పడవు. డాక్టరుకి చెప్పకుండా ఏదీ పోయకండి.

పొద్దున చేసింది రాత్రిదాకా వంటగట్టు మీద ఉంచడం. బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, మన ఏప్రిల్-మే నెలల్లో అంతసేపు కూడా ఉంచకండి. ఫ్రిజ్‌లో పెట్టినది ఆ రోజుకే. కావలసినంత తీసి వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేసి పోయండి, మిగిలింది పారబోయండి. విరేచనాలు మొదలైతే “పాలు పడట్లేదు” అని పాలు ఆపేసేముందు ఈ విషయం చూసుకోండి. తర్వాత, చల్లగా పోస్తున్నారా, త్వరగా పోస్తున్నారా చూడండి. యాంటీబయాటిక్స్ వల్లా కావచ్చు. మలబద్ధకమైతే చాలావరకు నొప్పి మందుల వల్లే. నీళ్లు పెంచి, విరేచనం సాఫీగా అయ్యే మందు డాక్టరుని అడగండి. ఆహారం తగ్గించకండి.

గది తీసుకుని ఉంటున్నవాళ్లకి

హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరో, విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరో రెండు నెలలు చిన్న గదిలో ఉంటారు. మిక్సీ ఉండదు, ఫ్రిజ్ ఉండదు, ఒక్క స్టవ్. అప్పుడు కిచిడీ జోలికి పోకండి. రోజుకి పాల ఫీడ్ 4, రాగి పాలజావ 2 చేయండి. 1560 కేలరీలు, 62 గ్రాముల ప్రోటీన్ వస్తాయి. కావాల్సింది పాల ప్యాకెట్లు, మిల్క్ పౌడర్, ఊరి నుంచి తెచ్చుకున్న మొలకల రాగిపిండి, నూనె, పంచదార, ఒక చిలికే కవ్వం, జాలి. మూత బిగుతుగా ఉన్న స్టీలు సీసాలో వేసి గిలక్కొట్టినా కలుస్తుంది. పాలు ఏ పూటకి ఆ పూట కొనండి.

సరిపోతోందా? ఇలా చూసుకోండి

చిక్కదనం: వడకట్టిన ఆహారం మజ్జిగ కంటే చిక్కగా, దోసెల పిండి కంటే పల్చగా ఉండాలి. సిరంజిలో పోస్తే నెట్టకుండా దానంతటదే దిగాలి.

నోటుపుస్తకంలో ప్రతి ఫీడ్‌కీ ఒక వరస: టైము, ఏది, ఎన్ని మి.లీ., వాంతి అయ్యిందా, విరేచనం ఎన్నిసార్లు. “బాగానే పోస్తున్నాం” అని డాక్టరుకి చెప్పేకంటే ఈ పుస్తకం చూపించడం వంద రెట్లు మేలు. 6 ఫీడ్లు పోశామనుకున్న ఇళ్లలో రాసి చూస్తే 4 తేలుతాయి. రేడియేషన్‌కి వెళ్లొచ్చిన రోజు ఒకటి, పేషెంటు వద్దన్నప్పుడు ఒకటి జారిపోతుంటాయి.

బరువు: వారానికోసారి, ఒకే రోజు, ఒకే మిషను, పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక. వారంలో కిలో తగ్గితే ఫీడ్ పెంచాలి, డైటీషియన్‌కి ఫోన్ చేయండి. 50 కిలోల మనిషి నెలలో 2.5 కిలోలు తగ్గితే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. కాళ్లు వాచి బరువు పెరిగితే అది మంచి పెరుగుదల కాదు, అదీ చెప్పండి.

మూత్రం లేత పసుపులో ఉండాలి. ముదురు రంగులో, తక్కువగా వస్తుంటే నీళ్లు చాలడం లేదు.

ముక్కు: రోజూ ప్లాస్టరు తీసి చర్మం తుడిచి, పైపుని కొంచెం పక్కకి జరిపి అంటించండి. ఒకేచోట ఒత్తుకుంటే పుండు పడుతుంది. ప్లాస్టరు మార్చేటప్పుడు ఒక చెయ్యి పైపు మీదే ఉండాలి. పైపు మార్చాల్సిన తేదీ కూడా పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోండి.

ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటడం (కీమోలో ఉంటే రాత్రయినా సరే, పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకండి). ఫీడ్ తర్వాత ఆగని దగ్గు, ఆయాసం. పైపులోంచి రక్తం లేదా కాఫీ పొడిలాంటిది రావడం. వరసగా రెండు ఫీడ్లు వాంతి కావడం. పొట్ట బిగుసుకుని నొప్పి. మత్తుగా, అయోమయంగా ఉండటం.

నోటిని మర్చిపోకండి

పైపు పడ్డాక నోటితో పనిలేదని దాన్ని వదిలేస్తారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా వంటసోడా కలిపి మూడు నాలుగు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మించండి. డాక్టరు మింగవచ్చని చెప్పి ఉంటే, రోజూ కొన్ని గుటకల నీళ్లయినా మింగించండి. నెలలపాటు మింగకపోతే ఆ కండరాలు పని మర్చిపోతాయి, పైపు తీశాక కూడా మింగుడుపడదు. దవడ తెరిచే వ్యాయామాలు చెప్పి ఉంటే అవీ మానకండి.

మంట తగ్గి నోటితో తీసుకోవడం మొదలయ్యాక పైపు ఫీడ్లు ఒక్కసారిగా ఆపకండి. మెత్తటి పెరుగన్నం అరకప్పు తింటే అరకప్పు లెక్కే రాసి, మిగతాది పైపులో పోయండి. నోటి ద్వారా రోజు అవసరంలో ముప్పావు వంతు వెళ్తూ, రెండు వారాలు బరువు నిలబడితే, ఆ పుస్తకం పట్టుకుని వెళ్లి పైపు తీసే విషయం డాక్టరుతో మాట్లాడండి.